లక్షల గడిలో మిగిలిపోయిన ఒకటి

ఒక గుమస్తా పద్దు దిద్దుతున్నాడు. పుస్తకంలో ప్రతి మొత్తానికీ రెండు గడులు. ఎడమ గడిలో లక్షలు, కుడి గడిలో మిగతా అయిదంకెలు. ఆ వరుసలో ఉన్నది సరిగ్గా లక్ష. అంటే ఎడమ గడిలో 1, కుడి గడిలో అన్నీ సున్నాలు. అందులోంచి చెల్లని రసీదు ఒకటి, 600 రూపాయలది, తీసెయ్యాలి. మిగిలేది 99,400. గుమస్తా కుడి గడిలో సున్నాలు కొట్టేసి 99,400 అని రాశాడు. ఎడమ గడిలోని 1ని కొట్టెయ్యడం మరిచిపోయాడు. తరవాత ఆ వరుస చదివినవాళ్లందరికీ కనిపించేది 1,99,400. తగ్గించబోయిన మొత్తం దాదాపు రెట్టింపై కూర్చుంది.

విండోస్‌లో ఏళ్ల తరబడి అచ్చం ఇలాంటి తప్పే ఒకటి దాగి ఉండిపోయింది.

ఒక కంప్యూటర్‌లోని ఫైలును ఇంకో కంప్యూటర్ నుంచి తెరవాలన్నా, ఒక్క ప్రింటర్‌ను ఆఫీసంతా వాడుకోవాలన్నా ఆ యంత్రాలు తమలో తాము మాట్లాడుకోవాలి. అందుకు విండోస్ వాడే భాష పేరు ఎస్‌ఎంబీ. 1980లలో ఐబీఎంలో పుట్టింది. ఫైలుతోపాటు దాని తాలూకు చిన్నాచితకా వివరాల జాబితా కూడా ఈ భాషలో పంపుకోవచ్చు. ఆ జాబితా రెండు రకాలుగా రావచ్చు. ఒకటి ఇప్పటి విండోస్ పద్ధతి. రెండోది ఓఎస్2 పద్ధతి. ఓఎస్2 అంటే 1987లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని వాడేవాళ్లు క్రమంగా కనుమరుగైపోయారు. అయినా ఎక్కడో ఒక పాత యంత్రం ఆ పద్ధతిలో పలకరిస్తే బదులివ్వాలి కదా అని, ఆ జాబితాను తన పద్ధతిలోకి మార్చుకునే చిన్న ప్రోగ్రాము ముక్కను విండోస్ తరవాతి కాలంలోనూ మోసుకుంటూ వచ్చింది.

తప్పు ఉన్నది ఆ ముక్కలోనే. జాబితా చదువుతూ ఉండగా చెల్లని పద్దు తగిలితే అక్కడితో కత్తిరించి, మొత్తం పొడవును తగ్గించి రాసుకోవాలి. పొడవు రాసుకునే చోటు 32 బిట్లది. తగ్గించి రాసేటప్పుడు మాత్రం కింది 16 బిట్లలోనే రాసింది ప్రోగ్రాము. పై సగంలోని 1 చెరగలేదు. దాంతో 65,536 బైట్ల జాబితా 65,373కు తగ్గాల్సింది పోయి 1,30,909గా నమోదైంది. ఆ తరవాత జరిగింది ఊహించుకోవడం తేలికే. గాదె కట్టింది చిన్న లెక్క ప్రకారం, ధాన్యం పోసింది పెద్ద లెక్క ప్రకారం. గాదె పొంగి ధాన్యం పక్కవాడి వాకిట్లో పడింది. కంప్యూటర్‌లో ఆ పక్క వాకిలి అంటే వేరే పనికి కేటాయించిన మెమరీ. అక్కడ ఏం పడాలో లెక్కగట్టి పంపగలిగినవాడు ఆ యంత్రానికి యజమాని అయిపోతాడు. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఆ యంత్రం ముందు కూర్చున్నవాళ్లు ఏ లింకూ నొక్కక్కర్లేదు.

ఈ లొసుగును అమెరికా జాతీయ భద్రతా సంస్థ కనిపెట్టి, మైక్రోసాఫ్ట్‌కు చెప్పకుండా, తన గూఢచర్యానికి పనిముట్టుగా మలుచుకుంది. ఆ పనిముట్టు పేరు ఎటర్నల్‌బ్లూ. అది దొంగల చేతికి చిక్కి 2017 ఏప్రిల్ 14న ఇంటర్నెట్‌లో బహిరంగమైంది. అంతకు ముందే, మార్చి 14న, మైక్రోసాఫ్ట్ లొసుగుకు అతుకు విడుదల చేసింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు ప్యాచ్ అనేది దీన్నే. మే 12, శుక్రవారం నాడు వానాక్రై అనే పురుగు, అంటే తనంతట తానే పాకే దొంగ ప్రోగ్రాము, ఈ లొసుగులోంచే దూరి ప్రపంచమంతా పాకింది. అతుకు బయటికి వచ్చిన రోజుకూ పురుగు వచ్చిన రోజుకూ మధ్య 59 రోజులు. ఈ వ్యాసమంతా నిజానికి ఆ 59 రోజుల గురించే.

బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఆ శుక్రవారం ఏమైపోయిందో వాళ్ల ఆడిట్ కార్యాలయం అదే ఏడాది అక్టోబరులో నివేదిక రాసింది. ప్రభుత్వ సంస్థల్లో కంప్యూటర్ల బాధ్యత చూసే ప్రతి అధికారీ చదవాల్సిన నివేదిక అది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులను నడిపే ట్రస్టులు 236 ఉంటే, కనీసం 81 దెబ్బతిన్నాయి. వాటికి తోడు 595 చిన్న వైద్యశాలలు. రద్దయిన అపాయింట్‌మెంట్లు 19 వేలకు పైగా ఉంటాయని అంచనా. అయిదు ప్రాంతాల్లో అత్యవసర రోగులను దూరాన ఉన్న ఆసుపత్రులకు తరలించారు. కొన్నిచోట్ల పురుగు సోకకపోయినా ముందుజాగ్రత్తగా కంప్యూటర్లు ఆపేశారు. ఫోన్లో వాట్సాప్ తెరిచి, కాగితం, కలం పట్టుకుని డాక్టర్లు పని నడిపించారు. ఫైళ్లకు పురుగు వేసిన తాళం తీయాలంటే కంప్యూటర్‌కు 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టాలని తెర మీద బెదిరింపు. మూడు రోజులు దాటితే 600.

మన దగ్గర కూడా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు ఈ సెగ తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్లలో కంప్యూటర్లకు పురుగు సోకిందని అప్పుడే వార్తలొచ్చాయి. ఇంగ్లండ్‌లో ఆసుపత్రి తలుపు, ఇక్కడ స్టేషన్ తలుపు. రెండింటికీ ఉన్నది ఒకే గొళ్లెం.

ఆ సాయంత్రమే 22 ఏళ్ల బ్రిటిష్ యువకుడు మార్కస్ హచిన్స్ పురుగు లోపలి రాతను విప్పి చూశాడు. అది పని మొదలుపెట్టే ముందు ఒక అర్థంపర్థం లేని పొడవాటి వెబ్ చిరునామాను వెతుకుతోందని గమనించి, దాన్ని పది డాలర్ల పైచిలుకు ఖర్చుతో తన పేర రిజిస్టర్ చేసుకున్నాడు. చిరునామా దొరికిన చోట పురుగు ఆగిపోయేలా రాసుంది. అలా ఆగింది. లేకపోతే నష్టం ఏ మేరకు వెళ్లేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

మర్నాటి నుంచీ నింద అంతా విండోస్ ఎక్స్‌పీ మీద పడింది. 2001లో వచ్చి, 2014 ఏప్రిల్ 8తో మైక్రోసాఫ్ట్ సేవ ఆగిపోయిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఇంకా ఆసుపత్రుల్లో వాడతారా అని పత్రికలు నిలదీశాయి. ఆ ప్రశ్న అడగవలసిందే. కానీ ఆడిట్ నివేదిక తేల్చిన సంగతి వేరు. ఎన్‌హెచ్‌ఎస్‌లో పురుగు సోకిన యంత్రాల్లో ఎక్కువ భాగం విండోస్ 7వి. దానికి అప్పటికి ఇంకా రెండున్నరేళ్లకు పైగా సేవ మిగిలి ఉంది. అతుకు ఉచితంగా దొరుకుతోంది. పెట్టుకోలేదు, అంతే. మార్చి 17న, మళ్లీ ఏప్రిల్ 28న, ఫలానా అతుకు పెట్టుకోండని ఎన్‌హెచ్‌ఎస్ తన ట్రస్టులకు హెచ్చరిక కూడా పంపింది. ఎక్స్‌పీ యంత్రాలైతే పురుగు దూరబోతే చాలాసార్లు నీలి తెర చూపించి కుప్పకూలాయి. దాంతో పురుగు వాటిలోంచి ముందుకు పాకలేకపోయింది.

ఈ సంగతి ఎందుకు పట్టి చెబుతున్నానంటే, పాత కంప్యూటర్లు మార్చడం అనగానే మన ఆఫీసుల్లో మొదట కదిలేది కొనుగోలు ఫైలు. టెండరు, కొటేషన్లు, కొత్త డబ్బాలు, ప్రారంభోత్సవం. కొత్త డబ్బా వచ్చిన మూడో నెలలో దాని అతుకులు ఎవరు చూస్తున్నారని అడిగితే పేరు చెప్పగలిగేవాళ్లు ఉండరు. పాత రోజుల్లో ఊరి చెరువుకు నీరటికాడు ఉండేవాడు. కట్ట మీద రోజూ తిరిగేవాడు, ఎలుక బొరియ కనిపిస్తే ఆ పూటే పూడ్చేవాడు, తూము తాళం తన దగ్గర ఉంచుకునేవాడు. చెరువు తవ్వించిన రాజు పేరు శాసనం మీద ఉంటుంది. చెరువును నిలబెట్టింది మాత్రం నీరటికాడు. మన ఆఫీసుల నిండా చెరువులు తవ్వించాం, నీరటికాణ్ని పెట్టడం మరిచిపోయాం.

ఇంతకీ ప్రోగ్రాము పాతబడటం అంటే ఏమిటి? ఇనుము తుప్పు పడుతుంది, చెక్కకు చెద పడుతుంది. ప్రోగ్రాము అంటే సున్నాలూ ఒకట్లూ. ఇరవై ఏళ్ల నాటి సీడీలో ఉన్న ఎక్స్‌పీ ఈ రోజు ఎక్కించినా ఒక్క బిట్టు అరగకుండా అప్పటిలాగే నడుస్తుంది. మారేది దాని చుట్టూ ఉన్న లోకం. మరీ ముఖ్యంగా, దాని తప్పుల గురించి లోకానికి తెలిసిన సంగతులు.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను పాతకాలపు ఊరి కరణంతో పోల్చవచ్చు. ఏ ప్రోగ్రాముకూ మెమరీలో సొంత భూమి లేదు, కరణం రాసి ఇచ్చిందే. డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో ఆయన దస్త్రంలోనే ఉంటుంది. ప్రింటర్‌కు, కెమెరాకు, నెట్‌వర్క్‌కు ఏ మాట చేరాలన్నా ఆయన ద్వారానే చేరాలి. దీని నడిబొడ్డున ఉండే భాగాన్ని కెర్నల్ అంటారు. మామూలు ప్రోగ్రాము తప్పు చేస్తే అదొక్కటే చస్తుంది. కెర్నల్‌లో తప్పు దొరికితే కరణం దస్త్రమే దొంగ చేతికి పోయినట్టు. ఊళ్లో ఎవరి పొలం ఎవరిదో ఇక వాడు రాసిందే రాత. మనం చెప్పుకున్న లక్షల గడి తప్పు ఉన్నది కెర్నల్‌లోనే.

కోట్ల పంక్తుల రాతలో ఇలాంటి తప్పులు ఇంకా ఎన్నో ఉంటాయి. కనిపెట్టగానే అతుకు వేస్తారు. మైక్రోసాఫ్ట్ అయితే నెలనెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. ఇక్కడొక చిక్కుంది. అతుకు వేశారంటే చిరుగు ఎక్కడుందో అందరికీ చూపించినట్టే. పాత ఫైలూ కొత్త ఫైలూ పక్కపక్కన పెట్టి తేడా చూస్తే తప్పు ఏ వరుసలో ఉందో తెలివైనవాడికి కొద్ది రోజుల్లో తెలిసిపోతుంది. అంటే అతుకు వచ్చిన రోజు నుంచి పెట్టుకోనివాళ్లు అంతకు ముందు కంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టు. సేవ ఆగిపోయిన సిస్టమ్ సంగతి ఇంకా దారుణం. కొత్త విండోస్‌లో దొరికే తప్పుల్లో కొన్ని పాతదాంట్లోనూ ఉంటాయి, ఎందుకంటే రాత వారసత్వంగా వచ్చిందే. కొత్తదానికి అతుకు వేసిన ప్రతిసారీ పాతదాని చిరుగు లోకానికి తెలుస్తుంది. దానికి మాత్రం అతుకు రాదు.

తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం సందేశంగా పంపితే దాన్ని చూపించబోయి ఫోన్‌లోని యాప్‌లు కుప్పకూలేవి. ఆ అక్షరం ‘జ్ఞా’. కంటికి కనపడని ఒక గుర్తు మధ్యలో చేరిన ‘జ్ఞా’ను గీయడంలో లెక్క తప్పింది. కొద్ది రోజుల్లోనే ఆపిల్ అతుకు పంపింది, కోట్ల ఫోన్లను ఎవరికి వారు రాత్రికి రాత్రి బాగుచేసుకున్నారు. విజ్ఞానం అన్న మాటలోని అక్షరమే ఫోనును పడగొట్టడం అటుంచి, ఆ బాగు ఎంత మామూలుగా జరిగిపోయిందో చూడండి. జేబులో ఫోనుకు అంత తేలికైన పని ప్రభుత్వ ఆఫీసులోని కంప్యూటర్‌కు ఎందుకు అంత బరువు?

ఆ బరువు ఎక్కడుందో నేనొక ఆఫీసులో కళ్లారా చూశాను. ఊరూ పేరూ అనవసరం. ఆపరేటర్ ముందు పాత తెర, తెర మీద ఎక్స్‌పీ తాలూకు పచ్చని కొండ, నీలాకాశం. పక్కన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, రెండంచులా చిల్లులున్న కాగితం. వెనక 25 పిన్నుల లావుపాటి కేబులు. నడుస్తున్నది ఫాక్స్‌ప్రోలో రాసిన జీతాల బిల్లు ప్రోగ్రాము. కొత్త కంప్యూటర్ రాలేదా అని అడిగాను.

“వచ్చింది సార్, రెండేళ్లయింది. దాంట్లో ఈ బిల్లు పడదు. వెనకాల ఈ కేబులు దూర్చే చోటే లేదు. ఇది రాసిన సారు రిటైరైపోయారు. నాలుగు రోజులు తంటాలు పడి మళ్లీ దీన్నే పెట్టుకున్నా. ఒకటో తారీఖు జీతాలు పడకపోతే నన్నే కదండీ అడుగుతారు.”

ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. డాస్ కాలపు 16 బిట్ల ప్రోగ్రాములను 64 బిట్ల విండోస్ అసలు తీసుకోదు. ప్రింటర్‌తో మాట్లాడే డ్రైవర్‌ను తయారీదారు కొత్త విండోస్ కోసం రాయలేదు. ప్రోగ్రాము మూల రాత ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అక్కడ పాతబడింది ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే అయితే ఒక పూట పని. దాన్ని పట్టుకుని పైనొక ప్రోగ్రాము, కిందొక యంత్రం, మధ్యలో ఒక మనిషి అలవాటు. ఏ ఒక్కటి కదిపినా మిగతావి కదలాలి.

ఆసుపత్రిలో ఈ ముడి మరీ బిగుసుకుంటుంది. స్కానింగ్ యంత్రాన్ని కోట్లు పోసి కొంటారు. అది పది, పదిహేనేళ్లు పనిచేస్తుంది. దాన్ని నడిపే కంప్యూటర్ లోపలుండే విండోస్ అంతకాలం బతకదు. పోనీ మనమే మార్చుకుందామంటే, యంత్రానికి వచ్చిన అనుమతులన్నీ ఆ సాఫ్ట్‌వేర్‌తో కలిపి పరీక్షించి ఇచ్చినవి. కంపెనీ ఒప్పుకోకుండా మార్చితే వారంటీ పోతుంది, రోగికి జరగరానిది జరిగితే జవాబుదారీ ఎవరన్న ప్రశ్న వస్తుంది. బాగా పనిచేస్తున్న యంత్రాన్ని విండోస్ కోసం పారెయ్యమని ఏ డాక్టర్‌కూ చెప్పలేం.

తెలుగు రాష్ట్రాల ఆఫీసుల్లో ఇంకో ముడి ఉంది, మన లిపిది. ప్రతి భాష అక్షరాలకూ సొంత గడులిచ్చే యూనికోడ్ స్థిరపడకముందు తెలుగు టైపు చేయడానికి వచ్చిన ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గడుల్లో తెలుగు ముక్కలు కూర్చేవారు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో ఒత్తు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో చక్కటి తెలుగు. లేనిదాంట్లో తెరిస్తే పిచ్చి గీతలు. వాటికి తోడు కీబోర్డు ప్రోగ్రాము, దానికొక డాంగిల్. ఏళ్ల తరబడి ఉత్తర్వులు, నోటీసులు, పట్టికలు వాటిలోనే టైపయ్యాయి. ఆ పాత కీబోర్డు ప్రోగ్రాము కొత్త విండోస్‌లో మొరాయిస్తుందని భయపడి పాత యంత్రాన్ని గుండెలకు హత్తుకున్న డీటీపీ ఆపరేటర్లు నాకు తెలుసు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు ఇచ్చారు. దస్త్రాలను యూనికోడ్‌లోకి మార్చుకున్న ఆఫీసుకు ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం సగం తేలికైపోతుంది. ఇది భాష మీద ప్రేమతో మాత్రమే చేయాల్సిన పని అనుకుంటాం. భద్రత కోసం కూడా చేయాల్సిందే.

ముడి విప్పడం కష్టమై కొందరు డబ్బు కట్టి గడువు కొనుక్కుంటారు. 2014లో బ్రిటన్ ప్రభుత్వం అదే చేసింది. ఎక్స్‌పీకి ఇంకో ఏడాది అతుకులు పంపమని మైక్రోసాఫ్ట్‌కు 55 లక్షల పౌండ్లకు పైగా చెల్లించింది. ఆ ఏడాదిలోగా ఎక్స్‌పీ నుంచి బయటపడే ఏర్పాటు చూసుకోమని ఆసుపత్రులకు లేఖ రాసింది. 2015లో ఆ ఒప్పందాన్ని పొడిగించలేదు. ఏర్పాటు పూర్తయిందో లేదో సరిచూసే పద్ధతంటూ ఏదీ లేదు. రెండేళ్లకు వానాక్రై వచ్చింది. ఎన్‌హెచ్‌ఎస్‌కు దానివల్ల కలిగిన నష్టం 9 కోట్ల 20 లక్షల పౌండ్లని ఆరోగ్య శాఖ తరవాత లెక్క వేసింది.

ఇప్పుడు అదే కథ విండోస్ 10తో మన ముందుంది. 2025 అక్టోబరు 14తో దాని మామూలు సేవ ముగిసింది. సంస్థలు మూడేళ్ల దాకా అదనపు అతుకులు కొనుక్కోవచ్చు. ఒక్కో కంప్యూటర్‌కు ప్రకటిత ధర మొదటి ఏడాది 61 డాలర్లు, రెండో ఏడాది 122, మూడో ఏడాది 244. ఏటా రెట్టింపు చేయడంలోని ఉద్దేశం స్పష్టమే, తొందరగా కదలమని. విండోస్ 11కు వెళదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సుమారు 2018 తరవాతి ప్రాసెసర్ కావాలి. చక్కగా పనిచేస్తున్న ఎన్నో యంత్రాలు ఆ గీత బయటే ఉండిపోతాయి. ఇది పౌరుల డబ్బుతో నడిచే ఆఫీసులకు అన్యాయమైన భారమని నా అభిప్రాయం. అలాగని అతుకు లేని యంత్రంలో పౌరుల వివరాలు ఉంచడానికి అది సాకు కాజాలదు.

భారం దించుకోవడానికి లైనక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ వైపు వెళ్లినవాళ్లున్నారు. మ్యూనిక్ నగర పాలక సంస్థ 2013 నాటికి దాదాపు 15 వేల కంప్యూటర్లను అటు మార్చి, 2017లో తిరిగి విండోస్‌కు రావాలని తీర్మానించింది. ఫ్రాన్స్ జాతీయ పోలీసు దళాల్లో ఒకటైన జాందార్మరీ మాత్రం వెనక్కి రాలేదు. దాదాపు లక్ష కంప్యూటర్లను లైనక్స్ మీద నడుపుతోంది. వాళ్లు ఎంచుకున్న వరుస చూడండి. 2005లో విండోస్ మీదే ఓపెన్ ఆఫీస్ అలవాటు చేశారు. మరుసటి ఏడాది బ్రౌజర్‌ను, మెయిల్ ప్రోగ్రామును ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్‌లకు మార్చారు. 2008లో కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్ మార్చడం మొదలుపెట్టేసరికి, పోలీసు రోజూ ముట్టుకునే కిటికీలన్నీ అప్పటికే చేతికి అలవాటైనవి. నేను చూసిన ఆఫీసులో దీనికి అచ్చంగా తలకిందులుగా జరిగింది. ముందు డబ్బా మార్చారు, బిల్లు ప్రోగ్రాము సంగతి తరవాత గుర్తొచ్చింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు కూడా ఏళ్లుగా లైనక్స్ మీదే నడుస్తున్నాయి. అక్కడ పాఠ్యపుస్తకాలు, ఉపాధ్యాయుల శిక్షణ దానికి తగ్గట్టే రాశారు కాబట్టి నిలబడింది.

గడువు పెట్టి, మెట్లు కట్టి చేయించిన పని మన దేశంలోనూ ఉంది. ఏటీఎం లోపల ఉండేదీ మామూలు కంప్యూటరే. వాటిలో చాలా భాగం ఎక్స్‌పీతోనే నడుస్తున్నాయని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులను హెచ్చరించింది. కదలిక చాలలేదు. 2018 జూన్‌లో తేదీలు వేసింది. సెప్టెంబరుకు నాలుగో వంతు, డిసెంబరుకు సగం, 2019 మార్చికి ముప్పాతిక, జూన్‌కు మొత్తం ఏటీఎంలు అతుకులందే సిస్టమ్‌కు మారాలి. అది కాక, ముందుగా రెండు నెలల్లోనే చేయాల్సిన పనులు వేరే చెప్పింది. యూఎస్‌బీ రంధ్రాలు మూయాలి, బయాస్‌కు పాస్‌వర్డ్ పెట్టాలి, పెన్‌డ్రైవ్ దూర్చగానే ప్రోగ్రాము దానంతటదే నడిచే సదుపాయం ఆపాలి. ఈ ఉత్తర్వులో నాకు నచ్చింది ఇదే. పెద్ద పని అయ్యేలోగా దొంగకు తెరిచి ఉన్న చిన్న తలుపులు ముందే మూయవచ్చని గుర్తించింది.

మార్చలేని స్కానింగ్ యంత్రానికి కూడా ఇదే దారి. దాన్ని మిగతా ఆసుపత్రి నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఒకే ఒక్క కంప్యూటర్‌తో మాత్రమే మాట్లాడనివ్వడం. మశూచి సోకినవాళ్లను వేరే పాకలో ఉంచినట్టు. అలా విడదీయకపోతే ఏమవుతుందో 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో చూశాం. అయిదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారానికి దొంగలు తాళం వేశారు. రోజుల తరబడి ఓపీ చీటీలు చేతిరాతతో నడిచాయి. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడమే కారణమని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

అతుకులంటే సిస్టమ్ అధికారులకు ఉండే భయాన్ని కూడా తేలిగ్గా తీసెయ్యకూడదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక చిన్న అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో పడిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో అందరూ చూసే ఉంటారు. కారణం ఇక్కడా లెక్క తప్పే. కొత్త ఫైలు 21 విలువలు అడుగుతోంది, ప్రోగ్రాము ఇస్తున్నది 20. ఇరవై ఒకటోదాని కోసం లేని చోటికి చెయ్యి చాచింది. అది కెర్నల్‌లో జరిగింది కాబట్టి యంత్రం మొత్తం కూలింది. ఇలాంటివి చూసిన అధికారి, నడుస్తున్నదాన్ని ముట్టుకోవద్దు అంటే ఆయన పిరికివాడు కాదు.

దీనికి విరుగుడు మన ఇళ్లలో అన్నం ఉడికిందో లేదో చూసే పద్ధతే. అతుకు రాగానే ముందు ఐటీ విభాగంలో ఓ పది కంప్యూటర్లకు, రెండు రోజులాగి ఒక్కో సెక్షన్‌లో ఒకదానికి, వారం తరవాత అందరికీ. అతుకు వికటిస్తే పదింటితో పోతుంది. అందరూ పెట్టుకునేసరికి పదిహేను రోజులు. ఎన్‌హెచ్‌ఎస్ చేతిలో 59 ఉన్నాయి.

ఈ పని మొదలుపెట్టాలంటే ముందు కావలసింది ఒక జాబితా. ఏ గదిలో ఏ యంత్రం, దాంట్లో ఏ సిస్టమ్, దాన్ని పట్టుకుని ఏ ప్రోగ్రాము, ఏ ప్రింటర్, దాని సేవ ఆగిపోయే తేదీ ఏమిటి. మామూలు మాటగా కనిపిస్తుంది కానీ అన్నిటికంటే కష్టం ఇదే. బీరువా వెనక, మెట్ల కింద, ఎవరో బదిలీ అయి వెళుతూ ఆన్‌లో వదిలేసిన యంత్రాలు బయటపడేది ఇప్పుడే. తరవాత గమనించాల్సింది మన ఆఫీసుల దినచర్య. సాయంత్రం అయిదున్నరకు స్విచ్‌బోర్డు దగ్గరే అన్నీ ఆపేసి వెళ్లడం మనకు మంచి అలవాటు. అతుకులు ఎక్కేది రాత్రిళ్లు. ఆపేసిన యంత్రానికి అతుకు ఎలా ఎక్కుతుంది? పొద్దున ఆన్ చేయగానే అది మొదలైతే, కౌంటరు ముందు క్యూ చూసి ఆపరేటర్ రద్దు నొక్కుతాడు. వారంలో ఒక రాత్రి ఆపకుండా ఉంచి, యూపీఎస్ సరిచూసి, ఉదయం అందరికంటే ముందు వచ్చి చూసే మనిషికి ఆ పని అప్పగిస్తే సమస్యలో సగం తీరుతుంది. అందుకు టెండరు అక్కర్లేదు.

మళ్లీ ఆ గుమస్తా తప్పు దగ్గరికి వద్దాం. ఆ తప్పు ఉన్న ఎస్‌ఎంబీ మొదటి తరాన్ని 2017 చివర వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి మైక్రోసాఫ్ట్ ముందుగా ఎక్కించడం మానేసింది. కావాలంటే మనమే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి గడిలో టిక్కు పెట్టుకోవాలి. ఎవరు పెట్టుకుంటారులే అనుకున్నాను.

కిందటేడు ఇంకో ఆఫీసుకు వెళ్లాను. కొత్త కంప్యూటర్లు, అతుకులన్నీ సక్రమంగా ఉన్నాయి. గదికి ఒక మూల పెద్ద జిరాక్స్ యంత్రం. కాగితం పెట్టి మీట నొక్కితే స్కాన్ చేసి నేరుగా కంప్యూటర్‌లోని ఫోల్డరులో వేస్తుంది. పాతది. దానికి తెలిసిన భాష ఎస్‌ఎంబీ మొదటి తరం ఒక్కటే. కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు స్కాన్లు ఆగిపోయాయి. సర్వీసు కుర్రాడు వచ్చి అయిదు నిమిషాల్లో బాగుచేశాడని అక్కడివాళ్లు మెచ్చుకుంటూ చెప్పారు. ఏం చేశాడో చూద్దామని ఒక కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరిపించాను. అనుకున్నట్టే గడిలో టిక్కు ఉంది. ఆ గదిలో ఉన్న పద్నాలుగు కంప్యూటర్లలోనూ ఉంది.

జిరాక్స్ యంత్రానికి ఒక్క కంప్యూటర్‌లో టిక్కు ఉంటే చాలు. ఆ పూట కూర్చుని సూపరింటెండెంటు గారూ నేనూ పదమూడింట్లో తీసేశాం. పద్నాలుగోదానికి నెట్‌వర్క్‌లో వేరే దారి ఏర్పాటు చేయమని జిల్లా ఐటీ అధికారికి లేఖ రాశాం. జిరాక్స్ యంత్రం మార్చడానికి ఫైలు వేరే పెట్టారు.